కొత్త దీవికి మా పిన్ని పెట్టిన పేర్లు

ఫోన్లో మేమాడే ఆట కంపెనీవాళ్ళ కబురు వచ్చినప్పుడు నేను రైల్లో ఉన్నాను. రాయగడ నుంచి కొరాపుట్ తిరిగొచ్చే రైల్లో ఫోన్ చూడడమంత చిరాకు పని ఇంకోటి లేదు. సొరంగం వస్తుంది, సిగ్నల్ పోతుంది. సొరంగం అయిపోతుంది, సిగ్నల్ వస్తుంది. ఒక్క ముక్క చదివేలోగా ఇంకో సొరంగం. అలా ముక్కలు ముక్కలుగానే చదివేను. ‘సరికొత్త దీవి.’ సొరంగం. ‘మంచు కొండలు, పడవలు, తాడు విసిరి ఎగిరే కొక్కెం.’ సొరంగం. ఆ చీకట్లో నేనొక్కర్తినీ పళ్ళికిలించుకుని నవ్వుకుంటున్నాను. ఎదురు సీట్లో కూర్చున్నావిడ నాకేదో అయిందనే అనుకునుంటుంది. మళ్ళీ వెలుతురులోకి వచ్చేసరికి ఆఖరి వాక్యం కనిపించింది. ‘పాత దీవి ఇక ఉండదు.’

ఉండదా? మీ మొహాలు మండ! కొత్తది కలపండి, ఎవరొద్దన్నారు? మేడ మీద ఇంకో గది వేసుకుంటే కింద ఇల్లు కూల్చేసుకుంటామా ఎక్కడైనా? ఇలా తిట్టుకుంటూనే ఉన్నాను, వేలు మాత్రం ఆ కొక్కెం బొమ్మ మీదే ఉంది. అబద్ధం ఎందుకు చెప్పడం, పాత దీవంటే నాకు ఎప్పుడో మొహం మొత్తింది. రెండేళ్ళుగా అవే కొండలు, అవే ఇళ్ళు, అదే వంతెన కింద ఎవడో ఒకడు నక్కి కూర్చోవడం. కొత్త దీవి ఎప్పుడెప్పుడా అని ప్రాణం కొట్టుకుంటోంది. అంతలోనే మా పిన్ని గుర్తొచ్చి బొమ్మ మీంచి వేలు తీసేసేను.

ఆట పేరు చెప్పను, చెప్పాల్సిన పని కూడా లేదు. నలుగురు ఒక జట్టు. విమానంలోంచి దీవి మీదకి దూకాలి, దొరికిన తుపాకీ ఏరుకోవాలి, ఎదుటి జట్లని కొట్టాలి, ఆఖరికి మిగిలినవాళ్ళు గెలిచినట్టు. మా నలుగురిలో నేనొకర్తిని. కొరాపుట్‌లో భూమి రికార్డుల ఆఫీసులో పని నాది, పొద్దస్తమానం నక్షాలే. రెండోవాడు మా ఆయన, హైస్కూల్లో లెక్కల మాస్టారు. బడిలో పిల్లల ఫోన్లు లాక్కుని, ఇంటికొచ్చి తన ఫోన్ తీస్తాడు. మూడోవాడు మా పిన్ని కొడుకు, నాకు తమ్ముడు, గుణుపూర్ పక్క పల్లెలో వ్యవసాయం. నాలుగోది మా పిన్ని. అరవైకి దగ్గర పడింది. మా జట్టులో అందరికంటే ఎక్కువకాలం బతికేది ఆవిడే.

పిన్ని మా అమ్మకి చెల్లెలు. మా తాత జయపురం ఎస్టేటులో అమీను, అంటే గొలుసు పట్టుకుని భూములు కొలిచే ఉద్యోగి. పెద్దకూతుర్ని రాయగడలో గుమస్తాకిచ్చేడు, చిన్నకూతుర్ని గుణుపూర్ దగ్గర రైతులింటికిచ్చేడు. ఆ రైతులు ఏ కాలంలోనో శ్రీకాకుళం పల్లెలనుంచి వచ్చినవాళ్ళు. మూడేళ్ళ కిందట బాబాయి పోయేడు. ఆ మరుసటేడు పిన్నికి రెండు మోకాళ్ళూ మార్చేరు. పల్లెలో ఇంటి గుమ్మాలు ఎత్తు, మెట్లు ఎక్కువ. అందుకని మా అమ్మ చెల్లెల్ని రాయగడ తెచ్చేసుకుంది.

తెచ్చుకుంది సరే, పిన్ని మంచం దిగితేనా! కొత్త మోకాళ్ళు వంచితే నొప్పి. వంచకపోతే బిగుసుకుపోతాయని కసరత్తులు చేయించే అమ్మాయి వచ్చి మొత్తుకునేది. పిన్ని గోడవైపు తిరిగి పడుకునేది. "ఎవరి కోసం వొంచాల ఇయ్యి? ఎక్కడికెల్లాల నాను?" అనేది. తమ్ముడు చూడ్డానికి వచ్చినప్పుడు ఏం తోచక తన ఫోన్ ఆవిడ చేతిలో పెట్టి, "అమ్మా, ఇదిగో, ఈ బొమ్మ నువ్వు. ఇది నొక్కితే పరిగెడతావు" అన్నాడు.

పిన్ని నొక్కింది. బొమ్మ పరిగెత్తింది. కొండెక్కింది, గెడ్డ నీళ్ళు దాటింది, గోడ దూకింది. అలా ఎక్కడా ఆగకుండా దీవి ఈ చివర్నుంచి ఆ చివరకి పరిగెత్తించింది. ఎవడో వెనకనుంచి కాల్చి పడగొట్టేక గానీ వేలు తియ్యలేదు. తీసేక, "ఓలమ్మో, ఎన్నాళ్ళయిందిరా పరిగెట్టి!" అని కళ్ళు తుడుచుకుంది. తమ్ముడు ఆ మాట ఫోన్లో నాకు చెప్తూ తనూ ముక్కు ఎగబీల్చేడు.

తమ్ముడు ఆవిడకి ఓ ఫోన్ కొనిచ్చేడు. అప్పణ్ణించి రోజూ సాయంత్రం ఆరున్నరకి మేం నలుగురం ఆ దీవిలో ఉండాల్సిందే. మేం కొరాపుట్‌లో, పిన్ని రాయగడలో, తమ్ముడు పొలం గట్టున. కసరత్తుల అమ్మాయి తెలివైంది, ఓ షరతు పెట్టింది. విమానం దీవి మీద ఎగురుతున్నంతసేపూ పిన్ని మోకాళ్ళు వంచుతూ ఉండాలి. మా అమ్మ లెక్కపెడుతుంది. ఇరవై కాకుండా దూకడానికి వీల్లేదు. ఒకోసారి పద్దెనిమిదికే దూకే చోటు వచ్చేసేది. "అప్పా, రెండు బాకీ, సచ్చేక వొంచుతాను!" అని అరిచి దూకేసేది పిన్ని. అక్కని అప్పా అనే పాత అలవాటు ఆవిడకి ఇంకా పోలేదు.

దీవిలో ఊళ్ళకి ఇంగ్లీషు పేర్లు రాసుండేవి. పిన్నికవి నోరు తిరగవు, తిప్పే ఓపికా లేదు. "ఆ పేరెవడు ఎట్టేడు? ఆడికేటి తెలుసు?" అంది. దాంతో మా పేర్లు మేమే పెట్టుకున్నాం. ఎర్రమట్టి కొండ కాశీపూర్. నాలుగు దారులు కలిసి ఎప్పుడూ రద్దీగా, ఎప్పుడూ ఎవరో ఒకరు చచ్చే చోటు కొల్నార. పచ్చటి పల్లపు నేల కుందుర. అవి మా ఆయనా, నేనూ మా వైపు ఊళ్ళని బట్టి పెట్టినవి. మిగతావన్నీ పిన్నివి, అన్నీ ఆవిడ పొలం పేర్లే: జీడితోట, ఊట మడి, కళ్ళం, దున్న పడ్డ గెడ్డ. ఆటలో పిన్ని పెద్దగా కాల్చేది కాదు. దారి చెప్పేది. "కళ్ళం ఎనకనుంచి ఊట మడిలోకి దిగు, గట్టంటా పో, ఆడు జీడితోటలో ఉన్నాడు" అని ఒక్క ముక్క అంటే ముగ్గురం కళ్ళు మూసుకుని వెళ్ళిపోయేవాళ్ళం. దీవి మొత్తం ఆవిడ కాళ్ళకి తెలుసు. మేం గెలిచిన ఆటల్లో ముప్పావువంతు పిన్ని నోటి వల్లే గెలిచేం.

ఇంకో చోటుంది. కళ్ళం పైన, సన్నటి కాలవ ఒడ్డున, బల్లపరుపు రాయి. మొదటిసారి దాన్ని చూసినప్పుడు పిన్ని బొమ్మ టక్కున ఆగిపోయింది. "ఇది మీ బాబాయి రాయి" అంది నాతో. వాళ్ళ పొలంలో మడికి నీళ్ళు వదిలే మదుం పక్కన అలాంటిదే ఉంది. నీళ్ళు పెట్టినప్పుడు బాబాయి దాని మీద కూర్చుని చుట్ట కాల్చుకుంటూ మడి నిండేదాకా చూసేవాడు. అప్పట్నుంచి ప్రతి ఆటలో ఒకసారైనా, తుపాకులు పేలుతున్నా సరే, పిన్ని అక్కడికి పోవాల్సిందే. పోయి, బొమ్మని కూర్చోబెట్టేది. నాలుగు క్షణాలో, ఐదో. ఆసేపూ మేం ముగ్గురం రాయి చుట్టూ మూడు దిక్కులకీ తిరిగి తుపాకీలు పట్టుకుని కాపలా కాసేవాళ్ళం. ఎవరూ ఎవరికీ చెప్పలేదు, అలా అలవాటయిపోయింది. తర్వాత "పదండి" అనేది.

ఇప్పుడు ఆ దీవి ఉండదట.

మా ఆయన ముందే చెప్పమన్నాడు. "చిన్నత్తకి ఇవాళే ఫోన్ చేసి చెప్పు, అలవాటు పడుతుంది" అని. నేను వినలేదు. నక్షాలతో బతికేదాన్ని కదా, నా పొగరు నాది. కొత్త దీవికి మంచి నక్షా తయారుచేసి, ఒకేసారి చేతిలో పెట్టి చెప్తానన్నాను. ఆ చేసేదేదో వారం ముందు చేస్తే బాగుండేది. చెయ్యలేదు. కొత్త దీవి రోజు రానే వచ్చింది. డౌన్‌లోడ్ అయ్యేసరికి ఫోన్ పెనంలా కాలిపోయింది. నేనూ మా ఆయనా చిన్నపిల్లల్లా ఎగిరేం. ఆ కొక్కెం విసిరితే ఉంది చూడండి, అబ్బ! కొండ మీంచి కొండ మీదకి గాల్లో జుయ్యిమని పోవడమే. నేను మూడుసార్లు గోడకి గుద్దుకున్నాను, అయినా కడుపునిండా నవ్వొచ్చింది.

ఆరున్నరయింది. పిన్ని వచ్చింది. ఇరవైసార్లు మోకాళ్ళు వంచింది. దూకేం. కింద అంతా తెలుపు.

"ఏటర్రా ఇది, సున్నం పోసేసేరు?" అంది.

"మంచు పిన్నీ. కొత్త దీవి. పాతది తీసేసేరు" అన్నాను నేను, గాల్లో ఉండగా. చెప్పాల్సిన పద్ధతి అదేనా? కాదు. ఇప్పటికీ సిగ్గుగానే ఉంటుంది.

నేల మీద దిగీ దిగగానే కాల్పులు మొదలయ్యేయి. మా ఆయన కంగారులో పాత అలవాటు కొద్దీ, "కాశీపూర్! అందరూ కాశీపూర్ ఎక్కండి!" అని అరిచేడు. ఆ దీవిలో కాశీపూర్ ఎక్కడుందయ్యా? నేను ఎర్రగా కనిపించిన కొండని కాశీపూర్ అనుకుని అటు పరిగెత్తేను. పాత దీవిలో కాశీపూర్ ఉత్తరాన ఉండేదని తమ్ముడు ఉత్తరానికి పోయేడు. మా ఆయన తాను నిలబడ్డ చోటే కాశీపూర్ అనుకున్నాడట. ముగ్గురం మూడు కాశీపూర్లు ఎక్కేం. మంచు మధ్యలో పిన్ని ఒక్కర్తే మిగిలిపోయింది.

"ఎటెల్లాల? అమ్మి, ఎటెల్లాల నాను?" అని ఆవిడ గొంతు వినిపిస్తోంది. నేను కొండ మీంచి చూస్తున్నాను. తెల్లటి నేలమీద ఆవిడ బొమ్మ అటు నాలుగడుగులు, ఇటు నాలుగడుగులు వేస్తోంది. రెండేళ్ళలో దారి తెలీని పిన్నిని నేను చూళ్ళేదు. తర్వాత ఎవడో కాల్చేడు.

"ఇది మన సేను కాదమ్మి" అంది. ఎంతో నెమ్మదిగా అంది. "నా సేను మళ్ళీ పోయింది." అంతే, ఫోన్ కట్టేసింది.

మరునాడు ఆరున్నరకి రాలేదు. ఆ పైరోజూ రాలేదు. మా అమ్మ ఫోన్ చేసి నన్ను దులిపేసింది. "గోడకేసి తిరిగి పడుకుంది మీ పిన్ని. మోకాళ్ళు వంచవే అంటే ఇమానం ఏదీ అంటంది. ఏటి సేసేరే మీరు దాన్ని?" ఊడ్పులనాటికి పిన్నిని తన పొలం గట్టు మీద నడిపించాలని కసరత్తుల అమ్మాయి పట్టుదల. ఒక నెల వంచకపోతే మళ్ళీ మొదటికొస్తుందని చెప్పిందట. నేను కొక్కెం విసురుకుని గాల్లో ఎగరడం మానేశాను. మానేశానంటే, పూర్తిగా కాదు. ఎగిరినప్పుడల్లా తప్పు చేసినట్టు ఉండేది, అంతే.

ఆ శనివారానికి నక్షా తయారుచేసేను. ఆఫీసులో నేర్చిన విద్యంతా అందులో పోశాను. కొండలకి ఒక రంగు, నీళ్ళకి ఒక రంగు, దారులకి చుక్కల గీతలు. ప్రతి చోటుకీ తెలుగులో పేర్లు కూడా నేనే పెట్టేను, పాత పేర్లే సర్ది పెట్టేను. ప్లాస్టిక్ తొడుగు వేయించి, చుట్టగా చుట్టి, రైలెక్కి, మా ఆయన్ని వెంటబెట్టుకుని రాయగడ వెళ్ళేను. తమ్ముడు కూడా గుణుపూర్ నుంచి మోటారు సైకిలు మీద వచ్చేడు. మధ్యాహ్నం భోజనాలయ్యేక పిన్ని మంచం మీద నక్షా విప్పి పరిచేను. నాకు మెడల్ ఇస్తారన్నంత ధీమాగా నిలబడ్డాను.

పిన్ని దాన్ని అటు తిప్పింది, ఇటు తిప్పింది.

"శానా బాగుంది. ఇదెవరు నడిసేరు?"

"నడవడమేంటి పిన్నీ? నేను చూసి గీసేను."

"మీ తాత గొలుసు పట్టుకుని ఎండలో తిరిగి తిరిగొచ్చి కదేటి నక్సా గీసీవోడు? నువ్వు కూకోని గీసేవు. ఊట మడి అని రాసేవు ఇక్కడ. ఊట ఉందా?"

లేదు. మంచు ఉంది. ఇంతేసి చదువు చదివి, ఇన్నేళ్ళు నక్షాల ఆఫీసులో చేసి, కాలు పెట్టని నేలకి పేర్లు రాసుకొచ్చేనంటే మా తాత బతికుంటే ఆ గొలుసుతోనే కొట్టుండేవాడు.

అప్పుడు తమ్ముడు మెల్లిగా అన్నాడు, "అమ్మా, మనింట్లో కొత్త మడి తీసుకుంటే నాన్న ఏం చేసేవాడు?"

నాకు తెలీదు, వాళ్ళింటి ఆచారమది. కొన్నా, కౌలుకి తీసుకున్నా, కొత్త నేలలోకి నాగలి దిగకముందు ఇంట్లో వాళ్ళంతా ఇంటి పెద్ద వెనకాల వరసగా గట్లంటా నడవాలి. ఆ రోజు పార, కొడవలి, ముల్లుగర్ర, ఏ పనిముట్టూ చేత్తో పట్టకూడదు. పట్టుకెళితే నేల బెదిరిపోతుందట. నడుస్తూ నడుస్తూ పెద్దవాళ్ళు ఒక్కో మడికీ చూసి పేరు పెడతారు. పక్క పొలం ఆసామి ఎవరైనా వెంట ఉంటే ఇంకా మంచిది, ఆయన సాక్షి. పేరు పడ్డాకే ఏ పనైనా.

తమ్ముడు అది చెప్తుంటే పిన్ని మొహం మారింది. మంచం మీద లేచి కూర్చుంది.

"అవునర్రా," అంది. "కొత్త సేలో దిగడం దిగడం తుపాకీలట్టుకుని దిగేరు మీరు. ఇంక అది బెదిరిపోదా?"

"అయితే నడుద్దామా?" అన్నాను నేను.

"ఎవరూ తుపాకీ అట్టుకోకూడదు."

"చిన్నత్తా, అది తుపాకీల ఆట కదా!" అని మా ఆయన నవ్వబోయేడు. పిన్ని చూసిన చూపుకి ఆ నవ్వు సగంలో మింగేసేడు.

"అల్లుడుగోరూ, మీరు కూడానండి. ఉట్టి సేతుల్తో."

అలా ఆ శనివారం మధ్యాహ్నం, మా అమ్మగారి ముందుగదిలో నలుగురం నాలుగు ఫోన్లు పట్టుకుని, ప్రపంచంలో ఎవడూ ఆడని ఆట ఆడేం. మా అమ్మ మోకాళ్ళ లెక్క పెట్టింది. ఇరవై. దూకేం. పిన్ని ముందు, వెనక తమ్ముడు, తర్వాత నేను, ఆఖర్న మా ఆయన. వరసగా, చేతులూపుకుంటూ. నాలుగడుగులు వేసేమో లేదో, ధన్ ధన్ ధన్. నలుగురం పోయేం.

"ఓరి నీ దుంప తెగ! నడిసీవోళ్ళని కొడతావా!" అని పిన్ని ఫోన్‌ని తిట్టింది. మళ్ళీ మోకాళ్ళు వంచింది. ఇరవై. మళ్ళీ దూకేం. మళ్ళీ పోయేం. ఒకసారి పడవలో పోయేం, ఒకసారి మంచులో కూరుకుని పోయేం, ఒకసారి మా ఆయన మర్చిపోయి తుపాకీ ఏరుకున్నాడని పిన్ని గమనించి, "అల్లుడుగోరూ, దింపీయండి!" అంటే దింపుతుండగా పోయేం. కానీ పోయిన ప్రతిసారీ ఇంకాస్త దూరం నడిచేం. చూసిన చోటుకి పిన్ని పేరు పెడుతూనే ఉంది. మంచు మైదానానికి సున్నపు మడి. పడవలరేవుకి తడిగోచి, ఎందుకంటే మా ఆయన నీళ్ళలో పడ్డాడు. నేను కొక్కెంతో గుద్దుకున్న గోడ గురించి ఎవరో చాడీ చెప్పేరు, దాని పేరు అమ్మి ముక్కు. నేను నక్షా తొడుగులోంచి లాగి, వెనక్కి తిప్పి, తెల్లటి వైపు పెన్సిలుతో రాసుకుంటూ వచ్చేను. మా అమ్మ పకోడీలు వేస్తూ వంటింట్లోంచి, "ఎన్నిసార్లు సచ్చేరే?" అని అడుగుతోంది. నవ్వి నవ్వి నా పక్కటెముకలు నొప్పెట్టేయి. పిన్ని మాత్రం నవ్వట్లేదు, శ్రద్ధగా నేల చూసుకుంటూ పోతోంది.

తొమ్మిదోసారో పదోసారో ఒక వింత జరిగింది. వరసగా పోతున్న మాకు ఎదురుగా వేరే జట్టువాడు ఒకడు వచ్చేడు. తుపాకీ ఎత్తేడు. మేం ఆగలేదు, పిన్ని ఆగనివ్వలేదు. వాడు కాల్చలేదు. మా చుట్టూ ఒకసారి తిరిగి చూసేడు. మా ఉట్టి చేతులు చూసేడు. తన తుపాకీ తీసి మంచులో పడేసి, మా ఆయన వెనకాల ఐదోవాడిగా వరసలో నిలబడ్డాడు. ఏ దేశం వాడో, ఏ భాషవాడో, మాకేం తెలుసు.

"పక్క సేను ఆసామి వచ్చేడు!" అని పిన్ని గట్టిగా అరిచింది. "సాచ్చి దొరికేడర్రా!"

ఆ సాక్షి వెంట ఉండగా దీవి మొత్తం చుట్టేం. ఆఖరి మలుపులో, ఓ కాలవ పక్కన, నేనొకటి చూసేను. బల్లపరుపు రాయి. అచ్చం అలాంటిదే, అంత ఎత్తే. ఇదొక్కటీ దొరికితే చాలు, నా తప్పు మాసిపోతుందనిపించింది.

"పిన్నీ, ఇటు చూడు! బాబాయి రాయి! ఇక్కడ పెట్టేద్దాం ఆ పేరు!"

పిన్ని బొమ్మ వచ్చి రాయి ముందు ఆగింది. ఆవిడ వేలు, కూర్చునే గుర్తు మీదకి వెళ్ళింది. నొక్కలేదు. వెనక్కి వచ్చేసింది.

"వొద్దమ్మి. దీనికి ఏ పేరైనా ఎట్టు, అది ఎట్టకు."

"ఎందుకు పిన్నీ?"

"ఆటోళ్ళు ఇది కూడా తీసెత్తారు రేపు. మీ బాబాయి రాయి ఎవడూ తియ్యనేదు. అది ఉన్నకాడే ఉంది." ఫోన్ ఒళ్ళో పెట్టుకుని తన మోకాళ్ళ వైపు చూసుకుంది. "నానే ఎల్తాను."

తమ్ముడు తల వంచుకుని కూర్చున్నాడు. సరిగ్గా అప్పుడే ఎక్కడినుంచో గుండు వచ్చి మా సాక్షి పడిపోయేడు. పిన్ని ఒక్క ఉదుటున ఫోన్ ఎత్తింది. "మా సాచ్చినే కొడతావట్రా, ఎదవా!" నడక ఎలాగూ అయిపోయింది కదా, పక్కనున్న పాకలో గోడకి ఆనించిన తుపాకీ తీసుకుంది. రెండేళ్ళలో ఎవర్నీ సరిగ్గా కాల్చని మనిషి, అవతల చెట్టు చాటునున్నవాణ్ణి ఒక్క దెబ్బకి పడగొట్టింది. ఇల్లంతా గోల. మా అమ్మ చిల్లుల గరిటెతో సహా వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చింది.

ఆ రోజునుంచి ఆరున్నరకి పిన్ని మళ్ళీ వచ్చింది. సున్నపు మడిలో దిగు, తడిగోచి దాటు, అమ్మి ముక్కు చాటున కూకో అంటూ మళ్ళీ దారి చెప్పింది. నేను చేసిన రంగుల నక్షా వైపు ఇప్పటికీ ఎవరూ చూడరు, పెన్సిలు వైపే గోడకి పెట్టేరు. కానీ ఒక మార్పు వచ్చింది. విమానం లేనప్పుడు కూడా మోకాళ్ళు వంచేది. మా అమ్మ లెక్కపెట్టకపోయినా వంచేది. మొదట కర్రతో వరండా చివరిదాకా నడిచింది, తర్వాత వీధి మొదటిదాకా. ఆటలో నా బొమ్మ తాడు కట్టుకుని ఎగురుతుంటే, "నువ్వు ఎగురు, నాను నడుస్తాను" అనేది.

ఊడ్పులనాటికి అందరం కారులో గుణుపూర్ పక్క పల్లెకి వెళ్ళేం, ఈసారి మా అమ్మతో సహా. వాన వెలిసింది. మళ్ళల్లో ఆడవాళ్ళు నారు నాటుతున్నారు, పిన్నిని చూసి నడుములెత్తి కేకలేసేరు. గట్టు మీద పిన్ని చెప్పులు విడిచింది. కర్ర వైపు చూసి, అది పనిముట్టా కాదా అని ఒక క్షణం ఆలోచించి, "దీన్నొగ్గను" అంది. ముందు ఆవిడ, వెనక తమ్ముడు, తర్వాత నేను, ఆఖర్న మా ఆయన. ఈసారి ఎవడూ కాల్చలేదు. జీడితోట, ఊట మడి, కళ్ళం. అన్నీ నాకు ముందే తెలుసు. నా జన్మలో ఎప్పుడూ సరిగ్గా చూడని పొలంలో ఏ గట్టు ఎటు తిరుగుతుందో నా కాళ్ళకి తెలుసు.

మదుం పక్కన రాయి ఉంది. ఆటలో దానికంటే చిన్నది, నాచు పట్టి ఉంది. పిన్ని కర్ర ఆనించి, ఒక మోకాలు వంచింది, రెండోది వంచింది, కూర్చుంది. మడిలోకి నీళ్ళు దిగుతుంటే చూస్తూ కూర్చుంది. నాలుగు క్షణాలు కాదు, చాలాసేపు.

గట్టు మీద నెమ్మదిగా వెనక వస్తున్న మా అమ్మ మమ్మల్ని చూసి ఆగిపోయింది. "ఏటర్రా అలగ నిలబడ్డారు మీరు ముగ్గురూ, పోలీసోళ్ళలాగ?"

అప్పుడు చూసుకున్నాం. తమ్ముడు కొండవైపు, మా ఆయన ఊరివైపు, నేను గెడ్డవైపు. ముగ్గురం రాయి చుట్టూ మూడు దిక్కులకీ మొహాలు పెట్టి, ఉట్టి చేతులతో నిలబడి ఉన్నాం.

"ఉండనీ అప్పా," అంది పిన్ని, వెనక్కి తిరక్కుండానే. "ఆళ్ళు నాకు కాపలా."